మందు ఇంటికి చేరాక



మందుల మీద పరిశోధన అనగానే తెల్లకోట్లు, గాజు గొట్టాలు, బోనుల్లో ఎలుకలు గుర్తుకొస్తాయి. అదంతా హైదరాబాదులోనో అమెరికాలోనో జరిగే పని, మనకేం సంబంధం అనుకుంటాం. ఆ పని గొప్పదే, కాదనను. భీమవరంలో పుట్టి అమెరికా చేరిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1940లలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు పెద్దగా ఉన్న రోజుల్లోనే అక్కడి నుంచి మెథోట్రెక్సేట్ అనే మందు వచ్చింది. మొదట క్యాన్సరుకు వాడారు. ఇప్పుడు కీళ్లవాతానికీ వాడుతున్నారు. ప్రొద్దుటూరు మెడికల్ షాపుల్లోనూ దొరుకుతుంది.

కీళ్లవాతానికి రాసినప్పుడు ఈ మాత్రను వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మిగతా మాత్రల్లాగే ఇదీ రోజూ వేసుకునేదే అనుకొని వేసుకుంటే నోరు పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటి పొరపాట్లు చాలా దేశాల్లో జరిగాయి, మనుషులు పోయారు కూడా. మందు మంచిదే, డాక్టరు రాసిందీ సరిగ్గానే రాశారు. తప్పు మందు ఇంటికి చేరాక జరిగింది.

మందు కనిపెట్టడం ఒక పరిశోధన. ఆ మందు జమ్మలమడుగు పక్క పల్లెలో ఒక అవ్వ చేతికి చేరాక ఆమె దాన్ని వారానికి ఒకటి వేసుకుంటోందా, రోజుకొకటి వేసుకుంటోందా అని కనుక్కోవడం ఇంకో పరిశోధన. మొదటిదానికి సుబ్బారావుగారి లాంటి మేధావులు, కోట్ల రూపాయల ప్రయోగశాలలు కావాలి. రెండోది చేయగలిగిన మనిషి మీ వీధి చివర మెడికల్ షాపులో నిలబడి ఉన్నాడు. అతని చేతిలో కావలసిందల్లా ఒక నోటుబుక్కు, అడగడానికి ఒక మంచి ప్రశ్న. ఈ రెండో రకం పనినే ఫార్మసీ ప్రాక్టీసులో పరిశోధన అంటారు. మన కడప జిల్లాలో, ముఖ్యంగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల లాంటి ఊళ్లలో దానికి ఎంత చోటుందో ఈ రోజు చెప్పదలచుకున్నాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి మీ అందరికీ తెలిసిందే. లండన్ మిషన్ వాళ్లు 19వ శతాబ్దం చివర మొదలుపెట్టారు. అప్పట్లో ఏ మిషన్ ఆసుపత్రిలోనైనా డాక్టరు తరువాత అంతటివాడు కాంపౌండరు. పొడులు తూచేవాడు, మిక్చరు కలిపేవాడు, సీసాకు పక్కన కాగితం ముక్క అంచులు కత్తిరించి అతికించేవాడు. ఒక్కో నొక్కు ఒక్కో పూటకు. చదువురాని మనిషి కూడా ఆ కాగితం చూసి ఎంత తాగాలో తెలుసుకునేవాడు. ఆ కాగితం ముక్క రోగికి మందు గురించి చెప్పే పద్ధతి. మందు తయారీ, మందు గురించి చెప్పడం, రెండూ ఆ ఒక్క మనిషి చేతిలోనే ఉండేవి.

తరువాత మందులు కంపెనీల్లో తయారై అట్టపెట్టెల్లో రావడం మొదలైంది. కలిపే పని పోయింది. 1948లో ఫార్మసీ చట్టం వచ్చింది. 1951లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదువు మొదలైంది. ఆ చదువు చాలాకాలం కంపెనీల వైపే చూసింది. మాత్ర ఎలా తయారు చేయాలి, నాణ్యత ఎలా పరీక్షించాలి, ఇవే పాఠాలు. కలిపే పని పోయినవాడికి షాపులో అమ్మే పని మిగిలింది. చెప్పే పని ఎవరికీ కాకుండా పోయింది.

ఆ చెప్పే పనిని మళ్లీ ఫార్మసిస్టు చేతిలో పెట్టాలన్న ఆలోచన 1990లో అమెరికాలో హెప్లర్, స్ట్రాండ్ అనే ఇద్దరు ఆచార్యులు రాసిన ఒక వ్యాసంతో బలపడింది. మందు ఇచ్చేయడంతో ఫార్మసిస్టు బాధ్యత తీరదు, ఆ మందు వల్ల రోగికి మేలు జరిగిందా లేదా అన్నదాకా ఉంటుంది అన్నారు వాళ్లు. 1996లో అమెరికాలోనే ఆష్‌విల్ అనే ఊళ్లో దీన్ని చేసి చూశారు. అక్కడి నగరపాలక ఉద్యోగుల్లో షుగరు ఉన్నవాళ్లకు ఊళ్లోని మెడికల్ షాపుల ఫార్మసిస్టులనే జతచేశారు. ఫార్మసిస్టులు ముందు తర్ఫీదు పొందారు. తరువాత తమ వంతు మనుషులను తరచూ కూర్చోబెట్టుకుని మందులు, తిండి, కాళ్ల సంరక్షణ, షుగరు లెక్కలు మాట్లాడేవారు. చాలామందికి షుగరు అదుపులోకి వచ్చింది, మొత్తం వైద్యం ఖర్చు కూడా తగ్గింది. ఆ పని ప్రపంచమంతా చదివిందంటే దానికి కారణం ఒక్కటే. వాళ్లు మొదటి రోజు నుంచీ లెక్క రాసి పెట్టారు.

మన దేశంలో 1990ల చివర మైసూరు, ఊటీల్లోని జె.ఎస్.ఎస్. కళాశాలలు ఫార్మసీ ప్రాక్టీసులో ఎం.ఫార్మసీ మొదలుపెట్టాయి. 2008లో ఆరేళ్ల ఫార్మ్.డి. వచ్చింది. ఐదేళ్లు చదువు, ఒక ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. ఇప్పుడు కడపలో పి. రామిరెడ్డి మెమోరియల్ కళాశాల ఉంది, ప్రొద్దుటూరు దగ్గర కొత్తపేటలో శ్రీ లక్ష్మీవెంకటేశ్వర కళాశాల ఉంది. పక్క జిల్లాల్లో చూస్తే అనంతపురంలో రాఘవేంద్ర కళాశాల, బత్తలపల్లిలో ఆర్.డి.టి. ఆసుపత్రి ఉన్నాయి. బత్తలపల్లిలో హెచ్.ఐ.వి. రోగుల వివరాలను ఏళ్ల తరబడి ఓపిగ్గా రాసి, ఆ పల్లెటూరి ఆసుపత్రి నుంచే అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసాలు వేశారు. రాయలసీమలో పరిశోధన కుదరదు అనేవాళ్లకు అదొక్కటే చాలు జవాబు.

ఇక మన ఊళ్లలోకి వద్దాం. ఫార్మ్.డి. పిల్లలను వెంటబెట్టుకుని పల్లెలకు వెళ్లినప్పుడు మేము మొదట అడిగేది, మీ మాత్రలన్నీ ఒకసారి తెచ్చి చూపించండి అని. జమ్మలమడుగు వైపు ఒక పల్లెలో ఒక అవ్వ ప్లాస్టిక్ కవరు తెచ్చి అరుగు మీద కుమ్మరించింది.

"ఇది పొద్దున్నే, ఇది రాత్రికి. ఈ ఎర్రట్ట ప్రొద్దుటూరు డాక్టరు ఇచ్చింది. ఈ నీలం అట్ట కడప పెద్దాసుపత్రిలో ఇచ్చింది. నొప్పులెక్కువైతే ఇది వేసుకుంటా నాయనా."

ఎర్రట్ట, నీలం అట్ట రెండింటి వెనకా చిన్న అక్షరాలు చదివితే రెండూ టెల్మిసార్టానే. ఒకటి ఉత్తది, ఇంకోటి మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందుతో కలిసినది. పేర్లు వేరు, కంపెనీలు వేరు, డాక్టర్లు వేరు. బీపీ మందు రెండింతలవుతోంది. దానికి తోడు నొప్పి మాత్ర.

ఒక అమ్మాయి అడిగింది. "అవ్వా, ఎప్పుడైనా కండ్లు తిరుగుతాయా?"

"శనివారం తిరుగుతాయమ్మా. ఆ దినం ఒక్కపొద్దు కదా."

"ఒక్కపొద్దు రోజు షుగరు మాత్ర వేసుకుంటావా?"

"వేసుకోకుంటే ఎట్ల? డాక్టరు రోజూ వేసుకోమన్నాడు కదా."

ఆమె వేసుకుంటున్నది గ్లిమిపిరైడ్. తిండికి ముందు వేసుకునే మాత్ర. తిండి తినకుండా వేసుకుంటే షుగరు మరీ పడిపోతుంది. ఆమె డాక్టరు మాట తప్పలేదు, దేవుడి మాటా తప్పలేదు. ఆ రెండూ శనివారం నాడు కలిసి వస్తాయని ఆమెను అడిగినవాళ్లు లేరు. ఆసుపత్రి కాగితంలో మాత్రం తల తిరగడం, నీరసం అని రాసి ఉంది. ఆమె డాక్టరుకు ఫోను చేసి చెప్తే ఆయన వెంటనే మందు సరిదిద్దారు. డాక్టరుకు తెలియక కాదు. ఆయనకు దొరికే రెండు నిమిషాల్లో ఒక్కపొద్దు సంగతి రాలేదు, అంతే.

ఇక్కడే పరిశోధన మొదలవుతుంది. ఒక్క అవ్వ కథ కథే. మనసుకు తగులుతుంది కానీ దేన్నీ రుజువు చేయదు. షుగరు మాత్రలు వాడుతూ వారానికి ఒకటో రెండో ఒక్కపొద్దులు ఉండేవాళ్లు మన ఊళ్లో ఎంతమంది, వాళ్లలో ఆ రోజు మాత్ర వేసుకునేవాళ్లు ఎంతమంది, కండ్లు తిరిగేవాళ్లు ఎంతమంది అని లెక్క తీస్తే అది పరిశోధన. రంజాన్ ఉపవాసాలకు షుగరు రోగులు ఏం చేయాలో అంతర్జాతీయ సంస్థలు పుస్తకాలే వేశాయి. కడప, ప్రొద్దుటూరులలో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక అవీ మనకు కావాలి. మన శనివారాలు, సోమవారాల గురించి మనమే అడగాలి. అవి మనవి.

ఎలా అడగాలి అన్నది ఈ పనిలో అసలు విద్య. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడిగితే వేసుకుంటున్నాం అనే చెప్తారు. ఎదురుగా చదువుకున్న పిల్ల నిలబడి అడుగుతుంటే లేదని ఎవరంటారు? అందుకని నోటి మాటను నమ్ముకోకుండా తేదీలు చూస్తాం. ఒకాయన రోజుకొక బీపీ మాత్ర వేసుకోవాలి. ఒకటో రోజున 30 మాత్రలు కొన్నాడు. మళ్లీ కొనడానికి 46వ రోజున వచ్చాడు. అంటే 45 రోజులు 30 మాత్రలతో గడిపాడు. మూడింట రెండు వంతుల రోజులే మందు కడుపులో పడింది. నూటికి 67 అనుకోండి. నూటికి 80 రోజులైనా మందు చేతిలో ఉండాలన్నది పరిశోధకులు మామూలుగా పెట్టుకునే గీత. ఈ లెక్కకు ఏ యంత్రమూ అక్కర్లేదు. షాపు బిల్లుల కంప్యూటరులోనే ఉంది. ఆ బిల్లులను అమ్మకాల కోసమే కాక రోగి కోసం కూడా తిరగేసే షాపు ఒకటుంటే, ఆ షాపాయన అప్పటికే సగం పరిశోధకుడు.

రెండో జాగ్రత్త, గుర్తున్నవాటిని లెక్కలోకి తీసుకోకూడదు. గట్టిగా గొడవపడినవాడు, ఆసుపత్రిలో పడినవాడు మనకు గుర్తుంటారు. ఏమీ కానివాళ్లు గుర్తుండరు. కనుక సోమవారం పొద్దున పది నుంచి రెండు దాకా వచ్చిన ప్రతి ఒక్కరినీ, వరుసగా, ఎవరినీ వదలకుండా రాయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లోనే దీనికి ఒక సులువైన పద్ధతి పెట్టింది. 20 చోట్ల, చోటుకు 30 చీటీల చొప్పున 600 చీటీలు చూడమంది. చీటీకి సగటున ఎన్ని మందులు, అసలు పేరుతో రాసినవి ఎన్ని, యాంటీబయాటిక్ ఉన్నవి ఎన్ని, సూది ఉన్నవి ఎన్ని, అత్యావశ్యక మందుల జాబితాలోవి ఎన్ని. ఈ ఐదు లెక్కలే. ప్రొద్దుటూరులో 20 షాపులు దొరకడం కష్టమా?

నన్నడిగితే మూడు ఊళ్లకూ మూడు ప్రశ్నలు చెప్తాను.

ప్రొద్దుటూరు చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆసుపత్రుల ఊరు. జిల్లా ఆసుపత్రి ఉంది, ప్రైవేటు ఆసుపత్రులు లెక్కలేనన్ని. ఒకే మనిషి గుండెకు ఒకరి దగ్గరికి, షుగరుకు ఒకరి దగ్గరికి, ఎముకలకు ఇంకొకరి దగ్గరికి పోతాడు. అక్కడ అడగాల్సింది, ఒకే మందు రెండు పేర్లతో వాడుతున్నవాళ్లు ఎంతమంది అని. ఇది ఇంకెవరికీ కనపడదు. ఏ డాక్టరు చీటీ ఆ డాక్టరు చూస్తారు. అన్ని చీటీలూ వచ్చి చేరేది మెడికల్ షాపు కౌంటరు మీదికే.

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు. బండలు మోసే ఒళ్లు రాత్రికి నొప్పులతో నిద్రపోనివ్వదు. అన్నా, నొప్పులకు రెండు మాత్రలు ఇయ్యి అని అడగని సాయంత్రం ఉండదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి చీటీ మీదే ఇవ్వాల్సిన షెడ్యూల్ హెచ్ మందులు. చట్టం సంగతి ఒకపక్క పెట్టి ఒంటి సంగతి చూద్దాం. ఎండలో పని, ఒంట్లో నీళ్లు తక్కువ. బీపీకి టెల్మిసార్టాన్, దానితో మూత్రం పోయే మందు. పైన నొప్పి మాత్ర. ఈ మూడూ ఒక్క ఒంట్లో కలిస్తే మూత్రపిండాల్లో రక్తం వడగట్టే ఒత్తిడి మూడు వైపుల నుంచీ తగ్గిపోతుంది. ఒక్కోసారి అవి ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తాయి. కాబట్టి అక్కడి ప్రశ్న, నొప్పి మాత్ర అడిగేవాళ్లలో బీపీ మందు కూడా వాడేవాళ్లు ఎంతమంది? ఒక నెల ఏమీ చెప్పకుండా రాయమనను. అది తప్పు. తెలిసి ఊరుకోకూడదు. మొదటి రోజు నుంచీ అడగాలి, చెప్పాలి, డాక్టరు దగ్గరికి పంపాలి. ఎంతమంది చెప్పినమాట విన్నారో రాయాలి.

పులివెందుల వైపు చీనీ తోటలు, అరటి తోటలు. తోటల్లో కాపురముండే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఫ్రిజ్జు లేని ఇళ్లున్నాయి, ఉన్నా కరెంటు పోతూ ఉంటుంది. ఇన్సులిన్ సీసా ఎక్కడ పెడుతున్నారు? కుండలో పెట్టుకుంటాం అంటారు. కుండ ఎంత చల్లగా ఉంటుంది? ఇది చిన్న ప్రశ్న కాదు. కెన్యాలో దగహాలే శరణార్థి శిబిరంలో ఇదే ప్రశ్న వచ్చింది. అక్కడ సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం కలిసి రాత్రీపగలూ గుడారాల్లో వేడి కొలిచాయి. 25 నుంచి 37 డిగ్రీల మధ్య ఊగుతోంది. అదే వేడిని ప్రయోగశాలలో పెట్టి చూస్తే తెరిచిన ఇన్సులిన్ నాలుగు వారాల దాకా గుణం కోల్పోలేదు. 2021లో ఆ ఫలితం అచ్చయింది. ఫ్రిజ్జు లేదన్న కారణంగా రోజూ ఆసుపత్రికి నడిచి రావలసిన వాళ్ల బతుకు ఆ ఫలితంతో సులువైంది.

మన దగ్గర అదే మాట ఉన్నదున్నట్టు చెప్పలేం. కడప ఎండాకాలంలో 40 దాటుతుంది. అందుకే కుండలో ఒక థర్మామీటరు పెట్టి, పొద్దున, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి రాసుకోవాలి. కొత్త కుండ, పాత కుండ, ఇసుకలో పెట్టిన కుండ, తడిగుడ్డ చుట్టిన కుండ. రెండు వేసవుల లెక్క చేతిలో ఉంటే పులివెందుల రైతుకు ఇన్సులిన్ ఎక్కడ పెట్టుకోవాలో ధైర్యంగా చెప్పగలం. అది తేలేదాకా సీసా మీద రాసిన జాగ్రత్తే పాటించాలి. ఇంకొక మాట, ఫ్రిజ్జులో మంచు గడ్డ కట్టే అర పక్కన పెట్టి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. పారేయాల్సిందే.

ఈ మూడు ప్రశ్నలకూ ముందు చేయాల్సిన పని ఒకటుంది. కళాశాలలోనో ఆసుపత్రిలోనో ఉన్న నైతిక సమితి అనుమతి. ఎవరి పేరూ రాయకూడదు. ఎందుకు అడుగుతున్నామో ఆ మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. వద్దంటే వదిలేయాలి, వద్దన్నందుకు మందు ఇవ్వడంలో తేడా రాకూడదు.

పరిశోధన దాకా పోలేకపోయినా ప్రతి ఫార్మసిస్టూ ఈ నెలే చేయగలిగిన పని ఇంకొకటి ఉంది. మందు పడక దద్దుర్లు వచ్చాయి, వాంతులయ్యాయి, నాలుక వాచింది అని జనం మొదట వచ్చి చెప్పేది షాపులోనే. ఇంకో మాత్ర ఇచ్చి పంపేస్తే ఆ సంగతి అక్కడే ఆవిరైపోతుంది. 2010లో మన దేశంలో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. 2011 నుంచి ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. రోగి పేరులో మొదటి అక్షరాలు, వయసు, ఏ మందు అనుమానం, ఏం జరిగింది, ఎప్పుడు, చెప్పేవారు ఎవరు. ఇవి ఉంటే చాలు. ఆ మందు వల్లే జరిగిందని మనం రుజువు చేయనక్కర్లేదు. అనుమానం ఉంటే చాలు. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. రోగులు కూడా నేరుగా చెప్పవచ్చు.

చెప్తే ఏమవుతుందంటారా? నెలసరి నొప్పికి ఆడపిల్లలు మామూలుగా కొనుక్కునే మెఫెనమిక్ యాసిడ్ మాత్ర తెలుసు కదా. దేశం నలుమూలల నుంచి వచ్చిన ఇలాంటి కాగితాలను కలిపి చూశాక, 2023 నవంబరు చివర కమిషన్ ఒక హెచ్చరిక ఇచ్చింది. ఆ మందు కొద్దిమందిలో జ్వరం, ఒంటినిండా దద్దుర్లు, గ్రంథుల వాపు, లోపలి అవయవాలకు దెబ్బ కలిగించే డ్రెస్ అనే తీవ్రమైన జబ్బు తేవచ్చని జాగ్రత్త చెప్పింది. ఒక్కొక్క కాగితం విడిగా చూస్తే చిన్నది. రాయకపోతే మాత్రం ఆ హెచ్చరిక వచ్చేది కాదు. అంతకు ముందు 1961లో థాలిడోమైడ్ ఘోరం బయటపడిందీ ఇలాగే. ఆస్ట్రేలియాలో ఒక డాక్టరు లాన్సెట్ పత్రికకు రాసిన చిన్న ఉత్తరం దానికి ఒక కారణం.

ఇప్పుడు చదువు సంగతి. చేతిలో డిప్లొమా వచ్చింది, గోడకు లైసెన్సు తగిలించాం, అయిపోయింది అనుకుంటే ఈ వృత్తిలో కుదరదు. 2022లో సిటాగ్లిప్టిన్ పేటెంటు తీరింది, 2025లో ఎంపాగ్లిఫ్లోజిన్‌ది తీరింది. పెద్ద నగరాల్లో పెద్దవాళ్లు వాడే ఖరీదైన షుగరు మందులు ధర పడి మన షాపుల్లోకి వచ్చేశాయి. ఎంపాగ్లిఫ్లోజిన్ షుగరును మూత్రంలో పంపేస్తుంది. కాబట్టి నీళ్లు బాగా తాగాలి, మర్మాంగాల శుభ్రత చూసుకోవాలి, వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు డాక్టరును అడిగి ఆపాలి. ఎప్పుడో చదివిన పాత పుస్తకంలో ఇవేవీ ఉండవు. కౌంటరు దగ్గర ఉన్నాయన ఇది చెప్పలేకపోతే ఆ అట్ట అమ్మడానికి ఫార్మసిస్టు ఎందుకు?

2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి మందు గురించి చెప్పడం ఫార్మసిస్టు విధి అన్నాయి. రిజిస్ట్రేషను కొనసాగాలంటే ఐదేళ్లలో కనీసం రెండు పునశ్చరణ తరగతులు, ఒక్కొక్కటి ఒక రోజు తక్కువ కాకుండా, హాజరుకావాలన్నాయి. మంచిదే. ఐదేళ్లకు రెండు రోజులతో మాత్రం ఎవరూ ఏ విద్యా నిలబెట్టుకోలేరు. సంతకం పెట్టి, సర్టిఫికెట్ తీసుకుని, భోజనం చేసి వచ్చే తరగతులు మనకు కొత్త కాదు.

నేను చెప్పేది వేరే. ప్రొద్దుటూరులో ఐదారుగురు ఫార్మసిస్టులు నెలకొక ఆదివారం ఒకచోట కూర్చోండి. ఒక్కొక్కరూ ఆ నెలలో తమకు అర్థంకాని ఒక్క చీటీ తీసుకురండి, పేరు కనపడకుండా. దగ్గరి కళాశాల నుంచి ఒక అధ్యాపకుడిని, ఇద్దరు ఫార్మ్.డి. పిల్లలను పిలవండి. వాళ్ల దగ్గర పుస్తకముంది, మీ దగ్గర జనముంది. వాళ్లకు మందు ఎలా పనిచేస్తుందో తెలుసు. మీ షాపుకు వచ్చే ఓబులమ్మ మందు కొనేటప్పుడు ఎందుకు పది మాత్రలకు బదులు నాలుగే తీసుకుంటుందో మీకు తెలుసు. రెండూ కలిస్తే మంచి ప్రశ్న పుడుతుంది. డి.ఫార్మసీ చదివి నాలుగేళ్లు షాపులోనో ఆసుపత్రిలోనో పనిచేసినవాళ్లు పైచదువు చదవడానికి 2014లో రెండేళ్ల బి.ఫార్మసీ ప్రాక్టీసు కోర్సు నిబంధనలూ వచ్చాయి. ఆసక్తి ఉన్నవాళ్లు విచారించండి.

ఇందులో కష్టాలు లేవని అనను. లైసెన్సు ఒకరిది, కౌంటరులో నిలబడేది ఇంకొకరు అయిన షాపులున్నాయి. అక్కడ ఏ లెక్కా నిజం కాదు. సాయంత్రం ఆరింటికి షాపు ముందు పదిమంది నిలబడి తొందరపెడుతుంటే మాట్లాడే తీరిక ఉండదు. మాట్లాడినందుకు పైసా రాదు, మాత్ర అమ్మినందుకే వస్తుంది. ఆరేళ్లు ఫార్మ్.డి. చదివిన పిల్లలు బెంగళూరు, హైదరాబాదులకు మెడికల్ కోడింగు ఉద్యోగాలకు పోతున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. క్లినికల్ ఫార్మసిస్టు అన్న ఉద్యోగం మన ఆసుపత్రుల్లో ఇంకా అరుదు. ఉద్యోగం ఎందుకివ్వాలి అని అడిగే పాలకులకు చూపించడానికైనా లెక్కలు కావాలి. మా మాట వల్ల ఇంతమంది ఆసుపత్రి పాలు కాకుండా ఆగారు అని కాగితం మీద చూపించిన రోజు ఆ ఉద్యోగం గురించి గట్టిగా అడగవచ్చు.

శ్రోతలకు నేను చెప్పేది మూడు మాటలే. మీరు వాడే మందులన్నిటి పేర్లూ, నొప్పి మాత్రలు, ఆకుమందులతో సహా, ఒక కాగితం మీద రాసుకోండి. ఏ డాక్టరు దగ్గరికి, ఏ షాపుకు వెళ్లినా ముందు దాన్ని చూపించండి. మందు తీసుకునేటప్పుడు, ఇది దేనికి, ఎప్పుడు వేసుకోవాలి, దీనితో ఏది కలపకూడదు అని అడగండి. అడగడం మీ హక్కు, చెప్పడం ఆయన విధి. ఈ ప్రసంగం విని ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపవద్దు. అనుమానముంటే డాక్టరును అడగండి.

ఫార్మసిస్టులకు, పిల్లలకు చివరగా ఒక మాట. పరిశోధన పేరుతో పల్లెల్లో కాగితాలు నింపుకుని వచ్చి, మార్కులు వేయించుకుని, ఆ పుస్తకాన్ని గ్రంథాలయంలో పెట్టేస్తే అది సగం పనే. ఆ అవ్వ శనివారం సంగతి చెప్పినందుకే మనకు ఫలితం వచ్చింది. ఫలితం పత్రికలో అచ్చవడం తరువాత. దాన్ని ఒక పేజీ తెలుగులో రాసి, ఆ పల్లె సచివాలయం దగ్గర అంటించండి. ఆశా కార్యకర్తకు చెప్పండి, ఆ ఊరికి చీటీలు రాసే డాక్టర్లకు ఇవ్వండి, మందులు అమ్మే షాపుల్లో ఇవ్వండి. ఏడాది తరువాత మళ్లీ వెళ్లి అదే ప్రశ్న అడగండి. జవాబు మారితే మీ పరిశోధన పనిచేసింది. మారకపోతే ప్రశ్నలోనో, చెప్పిన తీరులోనో లోపముంది. దాన్నీ దాచకుండా రాయండి.